పోయిన సైకిలు, పోయిన బావి: 'బైసికిల్ థీవ్స్' వారసత్వం - సికింద్రాబాద్ దర్శకుడి తెలంగాణ చిత్రాలు

ప్రవేశిక

ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్' ప్రపంచ సినిమా చరిత్రలో నవ్యవాస్తవికతకు పర్యాయపదంగా నిలిచింది. ఆ చిత్రం ప్రాముఖ్యాన్ని వివరించే రచనలు సాధారణంగా మూడు లక్షణాలను పేర్కొంటాయి. అవి స్టూడియోను విడిచి వీధుల్లో చిత్రీకరించడం, వృత్తినటులను కాక సామాన్యులను ఎంచుకోవడం, కష్టజీవి నిత్యజీవితాన్ని కథావస్తువుగా స్వీకరించడం. ఈ మూడూ సత్యమే అయినా, అవి ఆ చిత్రం ఎలా తయారైందో చెబుతాయి. అది ఎందుకు నిలిచిందో చెప్పడానికి చాలవు. వీధుల్లో తీసిన చిత్రాలు ఆ తరువాత వేలకొద్దీ వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం నేడు ఎవరికీ గుర్తులేవు.

'బైసికిల్ థీవ్స్' శాశ్వతత్వం దాని కథానిర్మాణంలో ఉంది. లోకం దృష్టిలో అత్యల్పమైన ఒక నష్టాన్ని తీసుకొని, ఆ నష్టంతో సమాజంలోని ఒక్కొక్క వ్యవస్థ తలుపూ తట్టించడం, ఆ తలుపులు ఎలా మూసుకుంటాయో ఒక పసివాడి కళ్ళముందు చూపించడం ఆ నిర్మాణం. ఈ నిర్మాణం తెలుగునేలకు ఏ దారిన చేరింది, ఇక్కడి భూమి, కులం, దొరతనం అనే వాస్తవాల మధ్య ఎలా మారింది అన్న విషయాన్ని సికింద్రాబాదులో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ చిత్రాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1948: రోము, హైదరాబాదు

'బైసికిల్ థీవ్స్' ఇటలీలో 1948 నవంబరులో విడుదలైంది. ఫాసిజం కూలి, రెండవ ప్రపంచయుద్ధం ముగిసి మూడేళ్ళు మాత్రమే గడిచిన కాలం అది. నిరుద్యోగం, ఇళ్ళ కొరత రోము శివార్లను పీడిస్తున్నాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. సెప్టెంబరు 17న నిజాం పాలన ముగిసింది. తెలంగాణ పల్లెల్లో 1946లో మొదలైన రైతాంగ సాయుధపోరాటం ఆ తరువాత కూడా 1951 దాకా కొనసాగింది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. రెండుచోట్లా ఒక నిరంకుశ వ్యవస్థ కూలింది. రెండుచోట్లా కొత్త రాజ్యం సామాన్యుడికి ఏమి ఇస్తుంది అన్న ప్రశ్న మిగిలింది.

ఈ పోలిక యాదృచ్ఛికమే. అయితే నవ్యవాస్తవికత ఏ చారిత్రక సంధిలో పుట్టిందో అటువంటి సంధిలోనే దానికి ఇక్కడ నేల సిద్ధమైందని ఇది సూచిస్తుంది. చట్టం మారింది, గ్రామంలో అధికారం మారలేదు అన్న అనుభవమే పాతికేళ్ళ తరువాత 'అంకుర్'కు వస్తువైంది.

చిత్ర నిర్మాణ స్వరూపం

లుయీజి బార్తొలీని 1946లో రాసిన నవల ఈ చిత్రానికి ఆధారం. సెజారే జవట్టీని ప్రధాన రచయితగా సాగిన చిత్రానువాదం నవలను చాలావరకు మార్చివేసింది. దీర్ఘకాలం పనిలేక ఎదురుచూసిన అంతోనియో రిచ్చికి గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది. సైకిలు ఉంటేనే ఆ ఉద్యోగం. తాకట్టులో ఉన్న సైకిలును విడిపించడానికి భార్య మరియా మంచాలపై దుప్పట్లను తీసి తాకట్టు పెడుతుంది. తాకట్టు కార్యాలయంలో ఉద్యోగి ఆ మూటను ఆకాశాన్నంటే అరల పైకి మోసుకెళ్ళే దృశ్యంలో అటువంటి మూటలు వందలకొద్దీ కనిపిస్తాయి. ఒక కుటుంబం కథ నగరం కథ కావడానికి దర్శకుడికి ఆ ఒక్క దృశ్యం చాలింది.

ఉద్యోగంలో చేరిన తొలిరోజునే, సినిమాతార బొమ్మ ఉన్న పోస్టరును గోడకు అంటిస్తున్న సమయంలో సైకిలు దొంగతనానికి గురవుతుంది. ఇక మిగిలిన కథంతా వెదుకులాటే. పోలీసు అధికారి ఫిర్యాదు రాసుకొని ఎవరి వస్తువును వారే వెదుక్కోవాలన్నట్లు మాట్లాడతాడు. అక్కడి విలేఖరికి అది వార్త కాదు. కార్మికుల సభాస్థలిలో సానుభూతి ఉంది, సమయం లేదు. చర్చిలో పేదలకు సూప్ పోసే దాతలకు ప్రార్థనాక్రమం భంగం కాకపోవడం ముఖ్యం. మొదట్లో తాను పరిహసించిన సోదెగత్తె వద్దకే రిచ్చి చివరకు వెళ్ళవలసి వస్తుంది. దొంగ దొరికినట్లే దొరుకుతాడు. అతని ఇల్లూ దారిద్ర్యంలోనే ఉంటుంది, వీధి అంతా అతని పక్షాన నిలుస్తుంది. చివరకు రిచ్చి తానే ఒక సైకిలును దొంగిలించి పట్టుబడతాడు. ఏడుస్తున్న కొడుకు బ్రూనోను చూసి సైకిలు యజమాని అతన్ని విడిచిపెడతాడు. తండ్రి చేతిని కొడుకు పట్టుకొనగా, ఇద్దరూ జనసమ్మర్దంలో కలిసిపోతారు.

ఈ కథ ఒక దినపత్రికలో రెండు వరుసల వార్తకైనా సరిపోదని ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రె బజాఁ వ్యాఖ్యానించిన సంగతి ప్రసిద్ధం. ఆ అల్పత్వమే ఈ చిత్రానికి బలం. నష్టం పెద్దదైతే వ్యవస్థలు స్పందించినట్లు నటించగలవు. నష్టం చిన్నదైనప్పుడు ఆ నటన అవసరం ఉండదు. రిచ్చి పాత్రకు హాలీవుడ్ తార కారీ గ్రాంట్‌ను తీసుకుంటే పెట్టుబడి పెడతానన్న అమెరికన్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ప్రతిపాదనను డి సికా అంగీకరించలేదు. లాంబెర్తో మజొరాని అనే కర్మాగార కార్మికుడు ఆ పాత్ర ధరించాడు. ప్రసిద్ధ తార సైకిలు పోగొట్టుకుంటే ప్రేక్షకుడు దాని పునఃప్రాప్తి కోసం నిశ్చింతగా ఎదురుచూస్తాడు. అపరిచితుడు పోగొట్టుకుంటే ఆ నిశ్చింత ఉండదు. కనుక సామాన్యుణ్ణి నటుడిగా ఎన్నుకోవడం కూడా కథానిర్మాణంలో భాగమే.

సికింద్రాబాదుకు చేరిన దారి

1950లో లండనులో ఉన్న సత్యజిత్ రాయ్ 'బైసికిల్ థీవ్స్'ను చూసి, తాను తీయదలచిన 'పథేర్ పాంచాలి'ని ఆ పద్ధతిలోనే తీయాలని నిశ్చయించుకున్నాడు. 1952 జనవరిలో బొంబాయిలో ప్రారంభమై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు సాగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఇటాలియన్ నవ్యవాస్తవిక చిత్రాలను భారతీయ చలనచిత్రకారులు తెరపై చూడగలిగారు. బిమల్ రాయ్ 1953లో తీసిన 'దో బీఘా జమీన్'లో ఆ ప్రభావం స్పష్టం. తండ్రీకొడుకులు నగరవీధుల్లో బతుకు వెదుక్కోవడం అక్కడా ఉంది. అయితే బిమల్ రాయ్ సైకిలు స్థానంలో భూమిని నిలిపాడు. నవ్యవాస్తవికత భారతదేశంలో అడుగుపెట్టగానే దాని ప్రధాన వస్తువు భూమి అయిందన్నది గమనార్హం.

శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరిలో జన్మించాడు. కొంకణి మాతృభాషగా గల కుటుంబం. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఛాయాచిత్రకారుడు. తండ్రి ఇచ్చిన కెమెరాతో పన్నెండేళ్ళ వయస్సులోనే బాలుడు తొలి చిత్రం తీశాడు. కంటోన్మెంటు జీవితంలో తెలుగు, ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు కలిసి వినిపించేవి. సైనికుల కోసం వెలసిన సినిమాశాలలో విదేశీ చిత్రాలు చూసే అవకాశం ఆ ప్రాంతపు పిల్లలకు దొరికేది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివే కాలంలో బెనెగల్ హైదరాబాదు ఫిల్మ్ సొసైటీని నెలకొల్పాడు. ఈతపోటీల కోసం కలకత్తా వెళ్ళినప్పుడు 'పథేర్ పాంచాలి'ని చూసిన అనుభవం తన మార్గాన్ని నిర్ణయించిందని ఆయన పలు సందర్భాల్లో చెప్పుకున్నాడు.

కనుక రోము నుంచి సికింద్రాబాదుకు వచ్చిన ప్రభావం నేరుగా వచ్చినది కాదు. అది లండను, కలకత్తాల మీదుగా, ఫిల్మ్ సొసైటీల తెరల మీదుగా వచ్చింది. ఈ పరోక్షత్వం వల్లనే బెనెగల్‌లో అనుకరణ కనిపించదు. ఆయన గ్రహించినది బాహ్యరూపాన్ని కాదు, దృష్టిని.

దొంగతనం: 'అంకుర్'

బెనెగల్ తొలి కథాచిత్రం 'అంకుర్' 1974లో వెలువడింది. విద్యార్థిదశలో తనకు తెలిసిన ఒక యథార్థ ఘటన ఆధారంగా అల్లుకున్న ఈ కథకు నిర్మాత దొరకడానికి ఆయన ఏళ్ళతరబడి ఎదురుచూడవలసి వచ్చింది. చివరకు ప్రకటనచిత్రాల రంగంలో ఉన్న బ్లేజ్ సంస్థ ముందుకు వచ్చింది. హైదరాబాదు సమీపంలోని ఎల్లారెడ్డిగూడలో చిత్రీకరణ సాగింది. గోవింద్ నిహలానీ ఛాయాగ్రాహకుడు.

భూస్వామి కొడుకు సూర్య చదువు మాని పల్లెకు వచ్చి భూములు చూసుకుంటాడు. ఇంట్లో పనిచేసే దళిత స్త్రీ లక్ష్మి, ఆమె భర్త మూగ-చెవిటివాడైన కుమ్మరి కిష్టయ్య. కుండలకు గిరాకీ పోయి తాగుడుకు అలవాటుపడిన కిష్టయ్య కల్లు దొంగిలించి పట్టుబడతాడు. తల గొరిగించి, గాడిదపై ఎక్కించి ఊరంతా తిప్పుతారు. ఆ అవమానంతో అతడు ఊరు విడిచిపోతాడు. సూర్య లక్ష్మిని లోబరచుకుంటాడు. ఆమె గర్భవతి అయ్యాక ఆమెను వదిలించుకోజూస్తాడు.

ఇక్కడ రెండు దొంగతనాల మధ్య పోలికను పరిశీలించాలి. కల్లు దొంగిలించినవాడికి ఊరు వెంటనే శిక్ష విధించింది. అతని భార్యను లోబరచుకున్నవాడికి శిక్ష విధించే అధికారం ఊరిలో ఎవరికీ లేదు. రిచ్చి కథలో దొంగ, దొంగతనానికి గురైనవాడు ఇద్దరూ ఒకే వర్గానికి చెందినవారు. రిచ్చి తానే దొంగగా మారడంతో ఆ ఇద్దరి మధ్య గీత చెరిగిపోతుంది. 'అంకుర్'లో ఆ గీత చెరగదు. ఏది దొంగతనమో నిర్ణయించే అధికారమే ఇక్కడ భూమితోపాటు వారసత్వంగా వస్తుంది. రోములో ప్రశ్న జీవనోపాధిది. తెలంగాణ పల్లెలో దానికి కులం, స్త్రీదేహం తోడయ్యాయి. నవ్యవాస్తవికతకు ఈ నేల చేర్చిన అంశం ఇదే.

ఫిర్యాదు: 'నిశాంత్', 'వెల్ డన్ అబ్బా'

విజయ్ తెండూల్కర్ రచనతో 1975లో వచ్చిన 'నిశాంత్' నిజాం కాలపు తెలంగాణ పల్లెకు సంబంధించినది. బడిపంతులు భార్యను దొర తమ్ముళ్ళు ఎత్తుకుపోతారు. ఊరంతా చూస్తుంది, ఎవరూ నోరెత్తరు. పంతులు పోలీసుల వద్దకు, ఆపైన కలెక్టరు వద్దకు వెళతాడు. ప్రతి తలుపూ మూసుకుంటుంది. రిచ్చి చేసిన ప్రయాణమే ఇది. కానీ ముగింపు వేరు. పంతులూ గుడి పూజారీ కలిసి ఊరిని కదిలిస్తారు. ఆ తిరుగుబాటు దొరలతో ఆగక, ఎవరి విముక్తి కోసం మొదలైందో ఆ స్త్రీనే బలి తీసుకుంటుంది. వ్యవస్థలు విఫలమైన చోట ఆగ్రహం న్యాయంగా మారుతుందన్న సులభమైన ఓదార్పును ఈ చిత్రం ఇవ్వదు.

ముప్ఫయ్యైదేళ్ళ తరువాత అదే ఫిర్యాదు హాస్యరూపం ధరించింది. హైదరాబాదు ఉర్దూ రచయిత్రి జీలానీ బానో కథను కూడా ఒక ఆధారంగా చేసుకున్న 'వెల్ డన్ అబ్బా' 2010లో విడుదలైంది. బొంబాయిలో డ్రైవరుగా పనిచేసే అర్మాన్ అలీ కూతురి పెళ్ళి ప్రయత్నానికై హైదరాబాదు సమీపంలోని స్వగ్రామం చీకట్‌పల్లికి వస్తాడు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ప్రభుత్వం ఇచ్చే బావి కోసం దరఖాస్తు పెడతాడు. మంజూరైన సొమ్ము చేతులు మారుతూ కరిగిపోతుంది. కాగితంపై బావి పూర్తయింది, నేలపై గొయ్యి కూడా లేదు. అప్పుడు తండ్రీకూతుళ్ళు పోలీసుస్టేషనుకు వెళ్ళి తమ బావి దొంగతనానికి గురైందని ఫిర్యాదు చేస్తారు.

'బైసికిల్ థీవ్స్'లో పోలీసు అధికారి ముందు నిలిచిన రిచ్చికి, ఈ తండ్రీకూతుళ్ళకు మధ్య అరవయ్యేళ్ళ దూరం ఉంది. రిచ్చి సైకిలు నిజంగా ఉండేది, దాన్ని దొంగ తీసుకుపోయాడు. అర్మాన్ అలీ బావి ఎన్నడూ లేదు. అయినా ఫోటోలు, రసీదులు, సంతకాలు అది ఉన్నదని సాక్ష్యమిస్తున్నాయి. రోములో రాజ్యం పేదవాడి నష్టాన్ని లెక్కచేయలేదు. ఇక్కడ రాజ్యం ఒక అడుగు ముందుకు వేసి, ఆ నష్టాన్ని తన లెక్కల్లో లాభంగా రాసుకుంది. కనుక అర్మాన్ అలీ చేసినది రాజ్యం అబద్ధాన్ని అక్షరాలా నిజమని అంగీకరించి, ఆ నిజాన్ని రాజ్యం ముందే పెట్టడం. రిచ్చి ఒంటరి. అర్మాన్ అలీ వెంట బావులు 'పోగొట్టుకున్న' ఇతరులూ చేరతారు. ఒంటరి వెదుకులాటను సామూహిక ఫిర్యాదుగా మార్చడం బెనెగల్ ఈ వారసత్వానికి చేసిన అత్యంత విలువైన చేర్పు.

సాక్షి: బ్రూనో, రాయి విసిరిన బాలుడు

తండ్రి వెంట నడిచే బ్రూనోకు కథాగమనంలో ప్రత్యేక కార్యం ఏమీ లేదు. అతడు చూస్తాడు. తండ్రి అవమానం అవమానంగా మారేది ఆ చూపువల్లనే. 'అంకుర్' ముగింపులో, తాగుడు మాని తిరిగివచ్చిన కిష్టయ్య పని అడగడానికి సూర్య వద్దకు వస్తాడు. ప్రతీకారానికి వస్తున్నాడని భయపడిన సూర్య అతన్ని కొరడాతో బాదుతాడు. లక్ష్మి అడ్డుపడి సూర్యను శపిస్తుంది. ఇదంతా చూసిన ఒక బాలుడు సూర్య ఇంటి కిటికీ అద్దంపై రాయి విసిరి పారిపోతాడు. చిత్రం అక్కడ ముగుస్తుంది.

బ్రూనో చేయి తండ్రి చేతిని అందుకుంది. ఈ బాలుడి చేయి రాయిని అందుకుంది. మొదటిది క్షమ, రెండవది అంకురం. అయితే ఈ భేదాన్ని అతిగా చూడరాదు. 'అంకుర్' ముగింపును విప్లవ సంకేతంగా మాత్రమే చదివినప్పుడు ఆ రాయి చిన్నదన్న సంగతి మరుగున పడుతుంది. అద్దం పగిలింది, ఇల్లు నిలిచే ఉంది. సూర్య లోపలే ఉన్నాడు. రెండు చిత్రాలూ సమస్యను పరిష్కరించవు. దాన్ని చూసిన ఒక పసివాణ్ణి భవిష్యత్తుకు అప్పగిస్తాయి.

భేదాలు, భాష ప్రశ్న

బెనెగల్‌ను నవ్యవాస్తవికుడిగా పేర్కొనడంలో పరిమితులున్నాయి. ఆయన చిత్రాల్లో షబానా ఆజ్మీ, అనంత్ నాగ్, సాధు మెహర్ వంటి శిక్షణ పొందిన నటులున్నారు. 'అంకుర్'కు షబానా, సాధు మెహర్ ఇద్దరికీ జాతీయ ఉత్తమనటన పురస్కారాలు లభించాయి. చిత్రాలు రంగుల్లో ఉన్నాయి, కథలకు నాటకీయ నిర్మాణం ఉంది.

ఇంతకంటె ముఖ్యమైనది భాష. లుకీనో విస్కోంతి 1948లోనే తీసిన 'లా తెర్రా త్రేమా'లో సిసిలీ జాలరులు తమ మాండలికంలోనే మాట్లాడారు. 'అంకుర్' పాత్రలు దక్కనీ ఉర్దూ యాసలో మాట్లాడతాయి. ప్రామాణిక హిందీని కాదని ఈ యాసను తెరకెక్కించడం ఆనాటికి సాహసమే. కానీ తెలంగాణ పల్లెలోని కుమ్మరి ఇంట వినిపించే భాష తెలుగు. లక్ష్మి, కిష్టయ్యల లోకం దేశానికి పరిచయమైనప్పుడు వారి మాట మాత్రం తెరవెనుకే ఉండిపోయింది. బెనెగల్ తెలుగులో తీసినది 1978 నాటి 'అనుగ్రహం' ఒక్కటే. అది కూడా మరాఠీ నవల ఆధారంగా హిందీ 'కొండురా'తో జంటగా తయారైనది.

ఇందుకు కారణం ఒక వ్యక్తి ఎంపికలో కంటె సినిమా ఆర్థికస్థితిలో ఉంది. అప్పటికి తెలుగు చిత్రపరిశ్రమ ప్రధానకేంద్రం మద్రాసు. 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) చిత్రాలతో గూడవల్లి రామబ్రహ్మం ఇటలీ కంటె ముందే సామాజిక వాస్తవికతకు బాటవేసినా, ఆ బాట తారాప్రధానమైన వ్యాపారంలో సన్నబడింది. ఫలితంగా తెలుగు పల్లెను తెలుగులో వాస్తవికంగా చూపే పనిని 1977లో 'ఒక ఊరి కథ'తో మృణాల్ సేన్, 1979లో 'మా భూమి'తో గౌతమ్ ఘోష్ అనే వంగదేశీయులు చేపట్టారు. 'మా భూమి'కి నిర్మాతగా నిలిచిన బి. నరసింగరావు 'రంగులకల', 'దాసి', 'మట్టి మనుషులు' చిత్రాలతో ఆ బాధ్యతను తెలంగాణ చేతికి తీసుకున్నాడు. పల్లె విడిచి హైదరాబాదులో కట్టడపు కూలీలుగా మారినవారి కథ అయిన 'మట్టి మనుషులు' (1990)లో నగరం, పని, నిరాశ్రయత అనే డి సికా వస్తువులు తెలంగాణ తెలుగులో వినిపించాయి. సికింద్రాబాదు దర్శకుడు తెరిచిన దారిలో లోపించిన మాట అక్కడ చేరింది.

ముగింపు

దారిద్ర్యాన్ని తెరపై చూపడం దేశానికి అప్రతిష్ఠ అన్న విమర్శ ఇటలీలోనూ భారతదేశంలోనూ వినిపించింది. డి సికా 'ఉంబెర్తో డి' చిత్రంపై 1952లో ఆనాటి ఇటలీ ప్రభుత్వ ప్రతినిధి జూలియో ఆంద్రెయోత్తి అభ్యంతరం తెలిపాడు. 1980లో రాజ్యసభ సభ్యురాలైన నటి నర్గీస్ సత్యజిత్ రాయ్‌పై ఇటువంటి ఆరోపణే చేసింది. ఈ విమర్శ దారిద్ర్యాన్ని దృశ్యంగా మాత్రమే చూసింది. 'బైసికిల్ థీవ్స్' చూపినది దారిద్ర్యదృశ్యం కంటె దారిద్ర్యం ముందు వ్యవస్థల ప్రవర్తనను. ఆ ప్రవర్తన మారనంతకాలం చిత్రం పాతబడదు.

బెనెగల్ 2024 డిసెంబరు 23న మరణించాడు. కుండ అమ్ముడుపోని కుమ్మరి, తలుపులు తట్టిన బడిపంతులు, లేని బావికి ఫిర్యాదు రాసిచ్చిన డ్రైవరు ఆయన చిత్రాల్లో మిగిలారు. వీరు రిచ్చికి అనుకరణలు కారు. ఒక సైకిలు పోవడంలో ఎంత చరిత్ర ఇమిడి ఉందో గ్రహించిన చూపు, ఈ నేలపై పోయిన వస్తువులను లెక్కపెట్టడం మొదలుపెట్టినప్పుడు కనిపించిన మనుషులు. ఆ లెక్క ఇంకా ముగియలేదు. దాన్ని వారి సొంత భాషలో కొనసాగించడం తెలుగు సినిమా ముందున్న పని. ఆ పని ఎంతవరకు జరిగిందో కొలవడం తెలుగు సినీ పరిశోధన ముందున్న పని.